మా అత్తమ్మ కట్టిన మల్లెపూలు

ఈ సభను నడిపిస్తున్న సర్పంచి కామాక్షయ్య గారికి, వేదిక మీద కూర్చున్న పెద్దలకు, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే అక్కలకు, అన్నలకు, ఇంత ఎండలోనూ షామియానా కిందికి వచ్చి కూర్చున్న మా పాళెం ఆడవాళ్ళకు, వాళ్ళ ఒళ్ళో నిద్రపోతున్న పిలకాయలకు, నిద్రపోకుండా అమ్మల కొంగులు లాగుతున్న పిలకాయలకు, అందరికీ నమస్కారం. ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మన డాక్టరు వనజాక్షి గారికి, ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆవిడను కోవూరులో బస్సెక్కించి మనకు పంపిన వారి భర్త సుధాకర్ గారికి విడిగా, రెండు చేతులెత్తి నమస్కారం.

నా పేరు కెజియా. ఇక్కడి హైస్కూల్లో తెలుగు చెబుతాను. తెలుగు టీచరు కదా, బాగా మాట్లాడుతుందిలే అని నన్ను నిలబెట్టారు. తెలుగు టీచర్లు బాగా మాట్లాడతారో లేదో తెలియదు గానీ ఎక్కువసేపు మాట్లాడతారని మాత్రం కామాక్షయ్య గారికి తెలుసు. అందుకే మైకు నా చేతికిస్తూ, "అయిదు నిమిసాలేమ్మా, కూడు చల్లారిపోతాది" అని చెవిలో చెప్పారు. చేపల పులుసు చల్లారితేనే రుచి అన్న సంగతి, సముద్రం ఒడ్డున పుట్టిన ఆయనకు నేను చెప్పాలా? (నవ్వులు)

చేపలంటే గుర్తొచ్చింది. డాక్టరు గారు చేప ముట్టరు. వరి చేల మధ్య పుట్టి పెరిగిన మనిషి, పప్పూ మజ్జిగా ఉంటే చాలు. మన ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరో బాలింత, "చేపలు తినొచ్చా మేడమ్" అని అడిగితే, "తినొచ్చమ్మా" అని ఊరుకున్నారట. ఆ అమ్మాయి వదిలిపెట్టకుండా, "ఏ చేప మేడమ్?" అంది. ఏ చేపేమిటి, చేపంటే చేపే కదా అనుకున్న డాక్టరు గారికి ఆ రోజు బయట వరసలో కూర్చున్న ఆడవాళ్ళందరూ కలిసి పాఠం మొదలుపెట్టారు. ఏది వేడి, ఏది చలవ, ఏది పథ్యానికి పనికొస్తుంది, పాలసొర చేపతో పుట్టు ఎట్లా వండితే తల్లికి పాలు పడతాయి, అన్నీ చెప్పారు. ఆవిడ చెవి ఒగ్గి విన్నారు. ఆ తరవాత ఏ బాలింత వచ్చినా, "పాలసొర తింటున్నావా?" అని ఆవిడే అడిగేవారు. చేప రుచి తెలియని మనిషి చేపల పేర్లన్నీ నేర్చుకున్నారు. మనం చెప్పేది వినే డాక్టరు దొరకడం ఎంత అదృష్టమో, మన పాళెం వాళ్ళం ఇంకో చోటికి వెళ్ళినప్పుడే తెలుస్తుంది.

నాకు ఆవిడతో ఉన్న అనుబంధం ఒక మల్లెపూల దండతో మొదలైంది. ఆ సంగతి చెప్పడానికే నేను నిలబడ్డాను. మూడో వరసలో కూర్చున్న మా అత్తమ్మ పరంజ్యోతి గారు, "చెప్పమాక" అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. అత్తమ్మా, ఇంట్లో మీ మాట నేను వింటున్నాను. ఇక్కడ మైకు నా దగ్గర ఉంది. (నవ్వులు)

మాది ప్రార్థన ఇల్లని, యేసును నమ్ముకున్న ఇల్లని మీకందరికీ తెలుసు. మా సంఘంలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు. మా అత్తమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ తల్లో ఒక్క పువ్వు తురమలేదు. పెళ్ళికి వెళ్తే తాంబూలంలో ఇచ్చిన పూలు కూడా దారిలో ఎవరో ఒకరి చేతిలో పెట్టి వచ్చే మనిషి. మా ఇంటి వాకిట్లో కనకాంబరం మొక్క కూడా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు మా పాప అబిగయీలు పుట్టింది. ఎన్ని ఏళ్ళని లెక్కచెప్పను. లెక్క చెప్పేవాళ్ళు ఊళ్ళో అప్పుడే చాలామంది ఉండేవాళ్ళు. (నవ్వులు) పుట్టినప్పుడు బరువు తక్కువ. పిల్ల అరచేతిలో సరిపోయేటట్టు ఉండేది. "ఈ బిడ్డకు మందూ మాకూ ఏమీ లేదు కెజియా, నీ పాలే మందు" అని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట పట్టుకుని నేను బతికాను. పిల్ల పాలు తాగుతుంటే దాని బుగ్గ కదలడం చూస్తూ పగలూ రాత్రీ గడిచిపోయేది. ముఖం కాస్త నిండుతోంది, ఏడుపు కాస్త గట్టిపడుతోంది అనుకుంటున్న సమయంలో నాకు ఒక పక్క రొమ్ము గట్టిపడి, ఎర్రబడి, చలిజ్వరం పట్టుకుంది.

మా ఆశా వర్కరు జయశీల నన్ను ఆటోలో ఈ ఆరోగ్య కేంద్రానికే తీసుకొచ్చింది. డాక్టరు గారు చూసి, పాలు నిలిచి చీము పట్టబోతోందని, యాంటీబయోటిక్ మాత్రలు రాశారు. "ఇవి వేసుకుంటూ బిడ్డకు పాలివ్వొచ్చు. ఇవ్వొచ్చు ఏమిటి, ఇవ్వాలి. ఆ పక్క కూడా ఇవ్వాలి" అని గట్టిగా చెప్పి, తమ గ్రామ సందర్శనకు మా పాళెం వచ్చే రోజున మళ్ళీ కనపడమన్నారు. నేను సరేనన్నాను. ఇంటికొచ్చాను. అసలు కథ ఇంటి దగ్గర ఉంది.

మా ఆయన బెన్హర్ రొయ్యల గుంటల దగ్గర ఉద్యోగం చేస్తారు. ఇప్పుడు వంటల పొయ్యి దగ్గర నిలబడి ఇదేమీ వినపడనట్టు గరిటె తిప్పుతున్నారు చూడండి, ఆయనే. (నవ్వులు) రొయ్యల సంగతి ఈ ఊళ్ళో తెలియనిదెవరికి? గుంటలో యాంటీబయోటిక్ వేయకూడదు. వేసినట్టు పరీక్షలో తేలితే దేశం దాటి వెళ్ళిన సరుకు కూడా వెనక్కి వస్తుంది. వాళ్ళ షెడ్డు గోడ మీద ఎర్ర అక్షరాలతో బోర్డు ఉంటుంది. పనివాళ్ళు తమ పుండుకు రాసుకునే మందు కూడా గుంట గట్టు మీదికి తీసుకురాకూడదు. ఆ సంవత్సరం ఎవరిదో సరుకు అట్లాగే వెనక్కొచ్చి, మన చుట్టుపక్కల ఊళ్ళన్నిటా అదే మాటగా ఉంది.

ఆయన నా మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చదువుకున్న మనిషి కదా, పేరు చూడగానే తెలిసిపోయింది. ముఖం మాడిపోయింది. "ఇది యాంటీబయోటిక్ కెజియా. రొయ్యకి ఏస్తేనే సరుకు పనికిరాకుండా పోతాది. నువ్వు మింగి ఆ పాలు బిడ్డకెట్టా ఇస్తావు?" అన్నారు. "డాక్టరు గారు ఇమ్మన్నారు" అన్నాను. దానికి ఆయన ఏమన్నారో తెలుసా? "ఆమెకి రొయ్యల సంగతి ఏం తెలుసు?" అన్నారు. (పెద్దగా నవ్వులు)

ఇప్పుడు మనం నవ్వుతున్నాం. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన భయంలో తప్పు పట్టడానికి నాకు ఏమీ కనపడలేదు. రోజూ చూస్తున్న పని అది, దాని మీదే ఇల్లు నడుస్తోంది. మందు పడిన సరుకు ఎవరూ తినకూడదని నమ్మి, ఆ నమ్మకంతోనే నిజాయితీగా ఉద్యోగం చేసే మనిషి. అట్లాంటి మనిషి తన కూతురి నోటికి అదే మందు అందుతుందంటే ఎట్లా ఊరుకుంటాడు? మా అత్తమ్మ ఇద్దరి మధ్యా తీర్పు చెప్పారు. మాత్రలు మానితే కోడలు దక్కదు, పాలిస్తే మనవరాలు దక్కదు, కాబట్టి మాత్రలు వేసుకోవాలి, పాలు మాన్పించాలి. గేదె పాలలో నీళ్ళు కలిపి సీసాలో పోశారు.

సీసా నోట్లో పెడితే పిల్ల ముఖం తిప్పుకునేది. నా వైపు తిప్పుకునేది. నేను అటు తిరిగి పడుకునేదాన్ని. రొమ్ము రాయయిపోయింది, ముట్టుకుంటే ప్రాణం పోయేటట్టు నొప్పి. అయినా ఆ నొప్పి నాకిప్పుడు జ్ఞాపకం లేదు. పిల్ల నన్ను వెతుక్కుంటుంటే వీపు చూపించి పడుకున్నానే, అది మటుకు జ్ఞాపకం ఉంది.

మంచినీళ్ళు ఇస్తారా అమ్మా? ... చాలు, చాలు.

నా బాధ చూడలేక మా అత్తమ్మ పక్కింటి వెంకటశేషమ్మ గారిని అడిగారు. ఆవిడ గంగపుత్రుల ఇంటి పెద్ద ముత్తయిదువ, ఎంతోమందికి పురుళ్ళు పోసిన చేయి. "మల్లెపూలు దండ గుచ్చి రొమ్ముకు కట్టమ్మా, పాలు ఎనక్కి పోతాయి" అన్నారు. ఇది మన వైపు అందరూ చేసేదే. బిడ్డ దక్కని తల్లికి, పాలు మాన్పించే తల్లికి కడతారు. కానీ ప్రార్థన ఇంట్లోకి పూలు ఎట్లా తేవడం? మా అత్తమ్మ కాసేపు ఆలోచించుకుని, "తల్లో పెట్టుకుంటే గదా తప్పు, మందుగా కడితే తప్పేముండాది" అని తమకు తామే సమాధానం చెప్పుకుని, జీవితంలో మొదటిసారి మల్లెపూలు కొని, కొంగు కింద దాచుకుని ఇంటికి తెచ్చారు. నాకు కట్టారు. కడుతూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నామో ఇద్దరికీ తెలుసు.

డాక్టరు గారు మా పాళెం వచ్చే రోజు నేను వెళ్ళలేదు. వెళ్తే ఏం చెప్పాలి? వరసలో నేను కనపడకపోయేసరికి ఆవిడే బయల్దేరి, ఇసకలో చెప్పులు చేతపట్టుకుని మా ఇంటికి వచ్చారు. వచ్చి గడప దగ్గర ఆగిపోయారు. "పరంజ్యోతమ్మా, మీ ఇంట్లో మల్లెపూల వాసనేంది?" అన్నారు.

అంతే. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. వేరే ఎవరి ఇంట్లోనైనా అది వట్టి పూల వాసన. మా ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే ఏం జరుగుతోందో, ఈ పాళెం ఆడవాళ్ళ ఇళ్ళలో కూర్చుని కబుర్లు చెప్పిన మనిషి కాబట్టి ఆవిడకు అర్థమైపోయింది. చెప్పులు గడప దగ్గర పడేసి లోపలికొచ్చి, నా మంచం మీదే కూర్చున్నారు.

మా ఆయన వెంటనే రొయ్యల సంగతి ఎత్తుకున్నారు. డాక్టరు గారు మధ్యలో అడ్డుపడకుండా మొత్తం విన్నారు. సరుకు ఎట్లా పరీక్ష చేస్తారు, మందు పడితే ఎన్నాళ్ళు రొయ్యలు పట్టకుండా ఆపాలి, అన్నీ. అప్పుడు, "బెన్హర్, నీ భయం మంచి భయమయ్యా" అన్నారు. "గుంటల్లో ఈ మందులు ఇష్టమొచ్చినట్టు పోస్తే, రేపు మనిషికి జబ్బు చేసినప్పుడు ఇవే మందులు పనిచెయ్యకుండా పోతాయి. అందుకే అక్కడ అంత కట్టుదిట్టం. ఆ భయాన్ని గుంట గట్టు మీదే ఉంచు. ఇంట్లోకి తేవద్దు. నీ కూతురికే రేపు చెవిలో చీము పట్టిందనుకో, ఇదే జాతి మందు నేనే చుక్కల్లో రాసిస్తాను. తాగించవా? తాగిస్తావు. తల్లి పాలల్లోంచి బిడ్డకు చేరేది అందులో చాలా తక్కువ. దానికోసం పాలు ఆపితే పాలు లోపలే నిలిచి గడ్డ ముదురుతుంది, కత్తి పెట్టాల్సి వస్తుంది. బిడ్డకు పాలూ పోతాయి."

మా ఆయన ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "అయితే అన్ని మందులూ అంతేనా మేడమ్?" అని అడిగారు. "మంచి మాట అడిగినావు" అన్నారు ఆవిడ. ఈ మాట ఇక్కడున్న ఆడపిల్లలు బాగా వినాలి, అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను. "అన్నీ అంతే కాదు. పాలిచ్చే తల్లులకు మామూలుగా రాసేవి చాలావరకు ఇబ్బంది లేనివే. కొన్నిటికి జాగ్రత్త కావాలి, వాటికి బదులు వేరేవి ఉన్నాయి. అందుకే ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు 'నేను పాలిస్తున్నాను' అని చెప్పాలి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, బిడ్డకు జబ్బు ఉన్నా అదీ చెప్పాలి. మందుల షాపులో అడిగి సొంతంగా మింగకూడదు. పాలు ఆపాల్సిన మందే ఇవ్వాల్సి వస్తే నేనే చెబుతాను, ఎన్నాళ్ళు ఆపాలో కూడా చెబుతాను. నేను ఆపమనలేదు గదా? ఇంక బిడ్డకు విరేచనాలు కాస్త పలచన కావచ్చు, నోట్లో తెల్లగా పూత రావచ్చు. వస్తే నా దగ్గరికి తీసుకురండి. ఒంటి మీద దద్దుర్లు లేచినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి. జ్వరం తగ్గిందని మాత్రలు సగంలో మానొద్దు." ఈ మాటలన్నీ మా ఆయనకు ఇప్పటికీ కంఠతా వచ్చు. గుంటల దగ్గర పనిచేసే వాళ్ళ భార్యలు పురుడు పోసుకుంటే ఆయనే వెళ్ళి చెప్పి వస్తున్నారు, రొయ్యల ఉదాహరణతో సహా. (నవ్వులు, చప్పట్లు)

ఆ తరవాత డాక్టరు గారు నా వైపు తిరిగారు. "నీకేమనిపిస్తోంది కెజియా?" అని అడిగారు.

పెద్దలు క్షమించాలి, ఈ ఒక్క మాట చెప్పనివ్వండి. రొమ్ము నాది, పాలు నావి, కడుపున పుట్టిన బిడ్డ నాది. రొయ్యల మాట విన్నాను, పూల మాట విన్నాను, మాత్రల మాట విన్నాను. నా మీద ప్రేమతోనే అందరూ మాట్లాడారు. నన్ను అడిగింది మాత్రం ఆవిడ ఒక్కరే. "ఇయ్యాలనుంది మేడమ్" అన్నాను. ఆ రెండు మాటలే. క్లాసులో గంటసేపు మాట్లాడే దాన్ని.

మా అత్తమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. "నేనే కట్టినా డాక్టరమ్మా. బిడ్డకేమన్నా అవతాదేమోనని బయపడినా" అన్నారు. ఆ క్షణంలో ఎవరైనా ఒక్క మాట విసిరి ఉంటే, చదువురానిదానివి అన్నట్టు ఒక్క చూపు చూసి ఉంటే, మా అత్తమ్మ ఇంక నా బిడ్డను ఎత్తుకునే ధైర్యం చేసేవారు కాదు. డాక్టరు గారు లేచి ఆవిడ చేయి పట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. "బిడ్డ కోసం కట్టినారు, బిడ్డ కోసమే విప్పండి. మీరే కట్టినారు గదా, మీరే విప్పండి" అన్నారు.

అత్తమ్మ విప్పారు. గోరువెచ్చటి నీళ్ళతో పూల వాసన పోయేదాకా తుడిచారు. పిల్లను నా పక్కన వేశారు. పిల్ల మొదట నోరు పెట్టలేదు, అలిగినట్టు మూతి ముడుచుకుంది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ వదిలేసింది. మా ఆయన బయటికి వెళ్ళి నిలబడ్డారు, చూడలేక. డాక్టరు గారు మాత్రం, కోవూరు బస్సు పోతుందని ఆరోగ్య కేంద్రం జీపు డ్రైవరు కబురు పంపినా కదల్లేదు. చివరికి పట్టింది. పట్టి, గుటక వేసింది. ఆ గుటక చప్పుడు విని మా అత్తమ్మ, "స్తోత్రం" అన్నారు. ఎప్పుడొచ్చారో, గడప దగ్గర నిలబడి చూస్తున్న వెంకటశేషమ్మ గారు, "గంగమ్మ తల్లీ" అన్నారు. డాక్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పాలు ఒక్కసారిగా రాలేదు, మెల్లగా మళ్ళీ పడ్డాయి. ఆ పిల్లే అదుగో, ముందు వరసలో కూర్చుని అంగన్వాడీ టీచరు దగ్గర లడ్డూ అడుగుతోంది.

వెళ్తూ వెళ్తూ, అత్తమ్మ ముఖం ఇంకా చిన్నబోయి ఉండడం చూసి డాక్టరు గారు ఒక మాట అన్నారు. "పరంజ్యోతమ్మా, ఈ తూరి మల్లెపూలు కొనాలనిపిస్తే నాకు కొనిపెట్టండి. మా ఇంటాయనకి ఎన్నేళ్ళు చెప్పినా గుర్తుండదు." సుధాకర్ గారూ, మన్నించాలి, ఆవిడ అన్నమాటే చెబుతున్నాను. (నవ్వులు) అప్పుడు మా అత్తమ్మ కూడా నవ్వారు. నేను ఆ మాట అక్కడే మరిచిపోయాను.

డాక్టరు గారూ, మీ చోటికి ఇంకా ఎవరినీ వేయలేదని తెలిసింది. ఎవరో ఒకరు వస్తారు, మంచివాళ్ళే వస్తారు. కామాక్షయ్య గారూ, పైవాళ్ళను కాస్త గట్టిగా అడగండి, ఈ ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళు వాళ్ళ కాగితాల కోసం ఆగరు. వచ్చే వాళ్ళకు చేపల పేర్లు మేము నేర్పుకుంటాం. అయినా నాకు బాధగానే ఉంది. మీరు విశ్రాంతి తీసుకోవాలని నోటితో అంటున్నాను గానీ, రేపు సోమవారం ఆ గదిలో ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందంటే నాకు ఏమీ బాగాలేదు. మీ ఆరోగ్యం బాగుండాలని, ఎప్పుడైనా కోవూరు నుంచి మా వైపు బస్సెక్కాలని కోరుకుంటున్నాను.

ఇందాకటి నుంచి షామియానాలో మల్లెపూల వాసన వస్తోందని మీలో కొందరు అటూ ఇటూ చూస్తున్నారు. వేదిక మీది దండలు బంతిపూలవి. ఆ వాసన మా అత్తమ్మ ఒళ్ళో ఉన్న సంచిలోది. నేను మరిచిపోయిన మాట ఆవిడ మరిచిపోలేదు. ఈ రోజు పొద్దున్నే వెంకటశేషమ్మ గారి అరుగు మీద కూర్చుని, ఈ వయసులో పూలు కట్టడం నేర్చుకున్నారు. ముడులు వదులుగా ఉన్నాయి, పూలు జారిపోతున్నాయి, దండ వంకరగా ఉంది. ఎవరినీ చేయి వేయనివ్వలేదు.

ఇంత ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. కామాక్షయ్య గారూ, అయిదు నిమిషాలు ఎప్పుడో దాటాయి, ఇంక కూర్చుంటాను. అత్తమ్మా, లేవండి. సిగ్గుపడకండి, పైకి రండి. మీరే కట్టినారు గదా, మీరే పెట్టండి.

సెలవు.